ఐదేళ్ల తర్వాత కూడా దొరకాల్సిన జవాబు

2021 చివరి నెలల్లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అంతకుముందు మిరప రైతుకు బాగా తెలిసిన తామర పురుగు వేరు. అది ఆకుల్ని పైకి ముడుచుకుపోయేలా చేస్తుంది. ఈ కొత్తది పూలలో గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, పిందె కట్టదు. మన దేశంలో దీన్ని తొలిసారి 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద గుర్తించారు. మిరప మీద ఇంత ఉధృతంగా రావడం రైతులకూ, మందుల దుకాణాల వాళ్లకూ కొత్తే. ఇలాంటప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పువ్వును అరచేతిలో దులిపి తీసిన ఒక ఫోటో, దాని కింద "అన్నా, ఏం కొట్టాలి?" అని ఒక్క ముక్క. కాసేపట్లోనే జవాబులు వచ్చిపడతాయి. ఒకరు ఒక మందు పేరు చెబుతారు, మరొకరు రెండు కలిపి కొట్టమంటారు, ఇంకొకరు యూట్యూబ్ లింకు పెడతారు. రకం ఏది, నాటి ఎన్నాళ్లయింది, ఇప్పటికే ఏమేం కొట్టారు అని అడిగేవాళ్లు అరుదు. సాయంత్రానికి ఆ ఫోటో పుట్టినరోజు శుభాకాంక్షల కింద ఎక్కడో ఉంటుంది. ఎవరి మాట పనిచేసిందో తేలడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆ సంగతి చెప్పడానికి రైతు తిరిగి వచ్చినా, అప్పటికి ఆ ప్రశ్న అక్కడ ఎవరికీ కనబడదు.

ఇందులో తప్పు రైతుది కాదు, తోచింది చెప్పినవాళ్లదీ కాదు. అలాంటి ప్రశ్నల కోసం ఆ చోటును కట్టలేదు. వాట్సాప్, ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మాటల వరసను కాలమో, జనం స్పందనో నిర్ణయిస్తుంది. నిన్నటి పోస్టును ఇవాళ్టి పోస్టు కిందికి తోస్తుంది. ఎక్కువమందికి నచ్చిందో, ఎక్కువమందికి కోపం తెప్పించిందో పైకి వస్తుంది. ఫోరంలో మాటల వరసను విషయం నిర్ణయిస్తుంది. ప్రతి ప్రశ్నకూ ఒక శీర్షిక, మారని ఒక చిరునామా ఉంటాయి. జవాబులన్నీ దాని కిందే చేరతాయి. మూడేళ్ల తర్వాత ఎవరైనా ఒక వాక్యం చేరిస్తే ఆ చర్చ మొత్తం మళ్లీ పైకి వస్తుంది. సభ్యుడు కానివాడికి కూడా గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది. జవాబు నిజమో కాదో తేలడానికి రోజులో నెలలో పట్టే విషయాలు, ఇవాళ అడిగినవాడి తర్వాత ముక్కూ మొహం తెలియని మరెందరో అడగబోయే విషయాలు, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు సరిదిద్దాల్సి వచ్చే విషయాలు ఫోరంలో జరగాల్సినవి. తెలుగువాళ్లం వీటిని దాదాపు పూర్తిగా గ్రూపులకూ ఫీడ్‌లకూ అప్పజెప్పేశాం. పంట దగ్గర్నుంచి జబ్బు దాకా మన అనుభవం పోగుపడకుండా జారిపోవడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం.

సోషల్ మీడియా చేయగలిగిన పనులు ఫోరం చేయలేదన్న మాట కూడా నిజం. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో ఉధృతిలో ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో జనం వెతుక్కున్నది ట్విట్టర్లోనూ వాట్సాప్‌లోనూ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఏ వీధిలో ఎవరు చిక్కుకున్నారో చెప్పడానికి శీర్షిక పెట్టి చర్చ మొదలుపెడితే కుదరదు. ఆ సమాచారానికి విలువ కొన్ని గంటలే. ఆ తర్వాత అది కనుమరుగు కావడమే మంచిది, ఎందుకంటే నిన్నటి పడకల వివరం ఇవాళ రోగిని తప్పు ఆసుపత్రికి పంపుతుంది. రక్తం కావాలన్న విన్నపం, తుఫాను హెచ్చరిక, తప్పిపోయిన పిల్లవాడి ఫోటో లాంటివాటికి వేగమే ప్రాణం. అలాంటి వేగం అవసరం లేని, అసలు వేగం వల్లే చెడిపోయే విషయాల గురించే ఈ వ్యాసం.

అలాంటి విషయాల్లో మొదటిది జబ్బు. ఏ.ఎల్.ఎస్. అనే నరాల వ్యాధిలో కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడతాయి. స్టీఫెన్ హాకింగ్‌ను దశాబ్దాలపాటు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టిన జబ్బు ఈ కోవదే. తమ సోదరుడికి ఇది రావడంతో అమెరికాలో హేవుడ్ సోదరులు 2004లో ఒక మిత్రుడితో కలిసి పేషెంట్స్ లైక్ మీ అనే వేదికను మొదలుపెట్టారు. అక్కడ రోగులు మాట్లాడుకోవడంతో ఆగలేదు. మాట, మింగడం, రాయడం, నడక, శ్వాస లాంటి 12 అంశాలకు ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసుకుని, 48కి ఎంత వచ్చిందో ఎప్పటికప్పుడు నమోదు చేసేవారు. 2008లో ఇటలీ పరిశోధకులు కొద్దిమంది రోగుల మీద చేసిన అధ్యయనంలో లిథియం ఈ జబ్బు వేగాన్ని బాగా తగ్గించిందని ప్రకటించారు. మానసిక వైద్యంలో ఎప్పటినుంచో వాడుతున్న మందు కాబట్టి అది దొరకడం కష్టం కాదు. నయం చేసే మందే లేని జబ్బులో అలాంటి వార్త వస్తే కుటుంబాలు ఆగవు. చాలామంది డాక్టర్ల చేత రాయించుకుని వాడటం మొదలుపెట్టారు, మోతాదుతో సహా ఆ వేదికలో రాసుకున్నారు. ఆ వేదిక పరిశోధకులు లిథియం వాడిన ప్రతి రోగినీ, అంతకుముందు జబ్బు అదే తీరులో ముదిరినా ఆ మందు వాడని రోగులతో పోల్చి చూశారు. 149 మంది మీద తేలిన ఫలితం 2011లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో వచ్చింది: లిథియం వల్ల ఏ మేలూ కనబడలేదు. తర్వాత పద్ధతి ప్రకారం జరిగిన క్లినికల్ ట్రయల్స్ కూడా ఆ మాటే చెప్పాయి.

ఇదే వార్త సోషల్ మీడియాలో నడిచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. "లిథియం మొదలుపెట్టాక నాన్న కొంచెం మెరుగ్గా ఉన్నారు" అన్న పోస్టును వేలమంది పంచుకుంటారు, ఆశ కాబట్టి. ఆరు నెలలకు నాన్న మంచం పడితే ఆ కుటుంబానికి పోస్టు రాసే ఓపిక ఉండదు. రాసినా మొదటిది చూసిన వేలమందికి అది చేరదు. మంచి కబురు ఊరంతా తిరుగుతుంది, దాన్ని సరిదిద్దే కబురు ఇంట్లోనే ఉండిపోతుంది. దీనికి కొలిచిన రుజువు ఉంది. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాలను పరిశీలించిన ఎం.ఐ.టి. పరిశోధకులు 2018లో సైన్స్ పత్రికలో రాసిన ప్రకారం, నిజమైన వార్త కంటే అబద్ధపు వార్తను మరొకరు పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి అబద్ధం కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది. అబద్ధంలో కొత్తదనం, ఆశ్చర్యం ఎక్కువ ఉండటమే దీనికి కారణం కావచ్చని వాళ్లు అన్నారు. బీపీ మందు, కీళ్ల నొప్పి, పిల్లల టీకా లాంటి విషయాలను కొత్తదనం కోసం పరుగెత్తే చోట తేల్చుకోకూడదు. ఫోరం డాక్టరుకు ప్రత్యామ్నాయం కాదు. ఒకే జబ్బుతో బతుకుతున్నవాళ్లు నెలల తరబడి చెప్పుకున్నదాన్ని చెదరనివ్వకపోవడమే అది చేసే మేలు.

యంత్రాల సంగతీ ఇంతే. కారు కొన్న వారం రోజులకు దాని గురించి ఎవరైనా బాగానే రాస్తారు. అసలు సంగతి అరవై వేల కిలోమీటర్లు తిరిగాక తెలుస్తుంది. 2004 నుంచి నడుస్తున్న టీమ్-బీహెచ్‌పీ అనే భారతీయ ఫోరంలో సొంత బండి మీద మొదలుపెట్టిన చర్చలు ఏళ్లకేళ్లు సాగుతాయి. కొన్ననాటి ఫోటోలు, ప్రతి సర్వీసుకూ అయిన ఖర్చు, మార్చిన టైర్లు, వానాకాలంలో మొదలైన చప్పుడు అన్నీ ఒకే శీర్షిక కింద ఉంటాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనబోయేవాడికి అంతకంటే పనికొచ్చే చదువు లేదు. అక్కడ చేరాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, ఎస్సెమ్మెస్ భాషలో రాస్తే ఒప్పుకోరు. కొందరికి ఇది అతిగా అనిపించవచ్చు గానీ, ఆ చర్చలు ఇవాళ్టికీ చదవదగ్గవిగా ఉన్నాయంటే ఆ పట్టుదలే కారణం. కంప్యూటర్ల లోకంలో ఈ సంప్రదాయం ఇంకా పాతది. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తలపెట్టిన యూజ్‌నెట్‌లో 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి ఒక పోస్టు పెట్టాడు. సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, మినిక్స్ అనే అప్పటి వ్యవస్థలో ఏవి నచ్చాయో ఏవి నచ్చలేదో చెప్పమని అడిగాడు. ఆ సరదా పనే లైనక్స్. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఆ పోస్టును ముప్ఫై ఏళ్లు దాటాక కూడా ఎవరైనా చదువుకోవచ్చు.

తెలుగువాళ్లకు ఈ సంప్రదాయం పరాయిది కాదు. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు యూజ్‌నెట్‌లోనే తెలుగు కోసం ఒక విభాగం పెట్టుకుని భాష మీద, సాహిత్యం మీద, సినిమాల మీద వాదించుకున్నారు. అప్పటికి అక్కడ తెలుగు లిపిలో రాసే వీలు లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాశారు: చిన్న టీ రాస్తే "త", పెద్ద టీ రాస్తే "ట". తర్వాత లేఖిని అనే టైపింగ్ సాధనంలో ఎందరో తెలుగు టైపు చేసింది ఆ పద్ధతిలోనే. ఇప్పుడు తెలుగులో ఫోరం ఎలా పనిచేస్తుందో చూడాలంటే తెలుగు వికీపీడియాకు వెళ్లాలి. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానకోశంలో ప్రతి వ్యాసానికీ వెనుక ఒక చర్చ పేజీ, అందరికీ కలిపి రచ్చబండ అనే పేజీ ఉన్నాయి. మాట చివర నాలుగు టిల్డేలు కొడితే రాసినవారి పేరు, తేదీ, సమయం వాటంతటవే పడతాయి. పాతబడిన చర్చలను తుడిచెయ్యరు, సంఖ్య వేసి భద్రపరుస్తారు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు వేలకొద్దీ ఊళ్ల వ్యాసాలు మార్చాల్సి వచ్చింది. ఏది ఎందుకు మార్చారో కొత్తగా వచ్చినవాడు ఎవర్నీ అడగకుండానే తెలుసుకోగలిగేది ఆ అలవాటు వల్లే. వాట్సాప్ గ్రూపులో ఈ పని జరగదు. అక్కడ కొత్తవాడు వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పదిమందిలో చెప్పుకోలేని విషయాలు ఇంకో రకం. తాగుడు మానాలనుకునేవాడు, పిల్లలు కలగక చికిత్స తీసుకుంటున్న జంట, లోన్ యాప్‌ల వలలో చిక్కుకున్న కుర్రాడు, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషి. వీళ్లకు సలహా కంటే ముందు కావాల్సింది మారుపేరు. ఫేస్‌బుక్‌లో మేనమామ, ఆఫీసు మేనేజరు, చిన్నప్పటి మాస్టారు అందరూ ఒకే వరసలో కూర్చుని ఉంటారు. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరితే ఫోను నంబరు అందరికీ కనబడుతుంది, ఆడవాళ్లకు ఆ తర్వాత వచ్చే తలనొప్పి వేరే చెప్పక్కర్లేదు. ఫోరంలో ఒక మారుపేరు చాలు. ఆ మారుపేరుకు కూడా కాలక్రమంలో ఒక నడవడి ఏర్పడుతుంది. నాలుగేళ్లుగా ఓపిగ్గా జవాబులిస్తున్న పేరును జనం నమ్ముతారు, నిన్న చేరి మందు అమ్మజూపే పేరును నమ్మరు. మారుపేరుంటే బాధ్యత ఉండదన్నది తరచుగా వినబడే అభ్యంతరం. సొంత పేర్లతో, సొంత ఫోటోలతో ఫేస్‌బుక్‌లో జరిగే బూతుల పంచాంగం చూశాక ఆ వాదన నాకు నిలబడేలా కనబడదు. మనిషిని అదుపులో ఉంచేది పేరు కంటే, అక్కడ మోడరేటర్ ఉన్నాడా, పాత మాటలు చెరగకుండా ఉంటాయా అన్నవే.

ఫేస్‌బుక్ గ్రూపులు ఫోరంలే కదా అని ఎవరైనా అడగవచ్చు. కొంతవరకు నిజమే. మొక్కల పెంపకం మీద, పాత తెలుగు పుస్తకాల మీద ఎంతో మంచి గ్రూపులున్నాయి, వాటి అడ్మిన్ల శ్రమ తక్కువది కాదు. కానీ వాళ్ల శ్రమంతా తమ చేతుల్లో లేని ఒక వరసకు లోబడి ఉంటుంది. మూసి ఉన్న గ్రూపులోని మంచి చర్చ బయటివాడు గూగుల్‌లో వెతికితే రాదు. లోపలివాడు వెతికినా తేలిగ్గా దొరకదు. అందుకే అదే ప్రశ్న నెలనెలా వస్తుంది, మొదట్లో వివరంగా జవాబిచ్చిన పెద్దాయన విసిగిపోయి ఎప్పటికో మానేస్తాడు. తెలిసినవాడు మానేసిన గ్రూపులో మిగిలేది తెలియనివాళ్ల ధీమానే. ఫోరంలో పాత చర్చ లింకు ఇచ్చి "ఇది చదివి, ఇంకా సందేహముంటే అడగండి" అనవచ్చు. తెలిసినవాళ్ల ఓపికను కాపాడటమే ఫోరం చేసే గొప్ప మేలేమో.

ఆ లింకు ఇచ్చే తీరులోనే ఫోరంల జబ్బు కూడా ఉంది. పాతవాళ్లు కొత్తవాళ్లను కసురుకుంటారు, చిన్న తప్పుకు ప్రశ్నను మూసేస్తారు. 2008లో మొదలై ప్రోగ్రామర్లందరికీ ఆధారమైన ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో, తాము కొత్తవాళ్లను ఆదరించలేకపోతున్నామని 2018లో తానే బాహాటంగా ఒప్పుకుంది. తెలుగులో ఫోరం పెడితే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చాలామంది రైతులకూ గృహిణులకూ టైపు చేయడం అలవాటు లేదు, అక్షరదోషాలకు వెక్కిరిస్తే మళ్లీ రారు. అయితే ఇది మనుషులు సరిదిద్దుకోగలిగిన లోపం, నియమాలు మార్చుకుంటే పోయేది. పైగా నోటితో చెబితే తెలుగులో టైపయ్యే సౌకర్యం మామూలు ఫోన్లలోకి వచ్చేసింది కాబట్టి, రాయలేకపోవడం మునుపటంత అడ్డంకి కాదు.

ఇప్పుడు బలంగా వినిపించే అభ్యంతరం కృత్రిమ మేధది. చాట్‌జీపీటీని అడిగితే క్షణంలో చెబుతుంటే ఫోరం ఎవరిక్కావాలి అని. నిజంగానే అది వచ్చాక స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. కానీ ఆ యంత్రాలు చదివి నేర్చుకున్నది మనుషులు రాసిపెట్టినదాన్నే. 2024లో గూగుల్, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ రెండూ స్టాక్ ఓవర్‌ఫ్లోతోనూ రెడిట్ అనే చర్చావేదికతోనూ ఒప్పందాలు కుదుర్చుకున్నాయంటే, ఆ చర్చల విలువ తెలిసే కదా. ఇంగ్లీషులో నలభై ఏళ్లకు పైగా పోగుపడ్డ చర్చలు ఉన్నాయి. తెలుగులో మిరప పూతలో చేరిన పురుగు గురించి, ఏ నెలలో ఏ నేలలో ఏం చేస్తే తగ్గిందో రైతులు చెప్పుకున్నదంతా ఫోన్లలోనే ఉండిపోయింది. ఆ పురుగును పట్టే నీలి రంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని పెడితే ఎంత మేలు కనబడిందో పొలంలో నిలబడి చూసినవాడు రాయకపోతే ఏ యంత్రానికీ తెలిసే దారి లేదు. మనం రాసి దాచుకోనిదాన్ని అది మన భాషలో మనకు తిరిగి చెప్పలేదు.

ఫోరంలు మాత్రం శాశ్వతమా అంటే, కావు. సాహిత్యం మీద, ఛందస్సు మీద తెలుగువాళ్లు ఏళ్ల తరబడి యాహూ గ్రూప్స్‌లో వాదించుకున్నారు. పాత సందేశాలను తొలగిస్తున్నామని 2019లో ప్రకటించిన యాహూ, 2020 డిసెంబరు 15న ఆ సేవనే మూసేసింది. ఎవరైనా ముందుచూపుతో దించి పెట్టుకున్నవి తప్ప మిగతావి పోయాయి. ఈ నష్టం చెప్పేది, పరాయి కంపెనీ ఉచితంగా ఇచ్చిన చోటును మన గ్రంథాలయం అనుకోకూడదని. డిస్కోర్స్, పీహెచ్‌పీబీబీ లాంటి ఫోరం సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. సర్వరు అద్దె పెద్ద భారం కాదు. అసలు భారం మోడరేటర్ల సమయం, దానికి జీతం ఇవ్వాలి. రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయాలున్నాయి, జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, వాటిలో జవాబు చెప్పగలిగిన శాస్త్రవేత్తలున్నారు. రైతు ఫోను చేసి అడగడానికి 2004 నుంచి కిసాన్ కాల్ సెంటరు ఉంది గానీ, ఫోనులో చెప్పిన జవాబు పక్క ఊరి రైతుకు వినబడదు. అదే జవాబు తెలుగులో, అందరికీ కనబడేలా, తేదీతో, పంట పేరుతో ఒక చోట ఉంటే మరుసటి ఏడాది అదే పురుగు వచ్చినప్పుడు వెతుక్కునే చోటంటూ ఒకటి ఉంటుంది. ఆ పని విశ్వవిద్యాలయాలు మొదలుపెట్టాలి, తెలుగు సంఘాలు ఏటా సభలకు పెట్టే డబ్బులో కొంత దానికి ఇవ్వాలి.

అంతదాకా ఆగనక్కర్లేని పని ఒకటి మనందరి చేతిలో ఉంది. మీరు ఎక్కడ ఏ సలహా అడిగినా, పని జరిగినా జరగకపోయినా, అదే ప్రశ్న కిందికి తిరిగి వచ్చి ఏం వాడారో, ఎంత వాడారో, ఎన్ని రోజులకు ఏమైందో తేదీ వేసి నాలుగు వాక్యాలు రాయండి. పని జరగకపోతే తప్పకుండా రాయండి.